గాలిలో యుద్ధం సినిమాల్లో శత్రువు అంత దగ్గరికి ఎందుకు వస్తాడు?

క్లుప్తంగా: సినిమాలో రెండు యుద్ధ విమానాలు ఒకదాని తోక పట్టుకుని ఒకటి తిరుగుతాయి. ఇవాళ్టి అసలు పోరులో ఎదుటి విమానం పైలట్ కంటికి కనిపించకపోవడమే మామూలు. దర్శకులకు ఈ సంగతి తెలియక కాదు. తెర మీద వేగం, భయం, మనిషి మొహం కనిపించాలంటే దూరం తగ్గాల్సిందే. ఆ దూరాన్ని ఎలా తగ్గించారన్న దాన్ని బట్టే కొన్ని పాత సినిమాలు ఇప్పటికీ నిలిచాయి, కొన్ని కొత్తవి నిలవలేదు.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో యుద్ధ విమానాల మీద ఆసక్తి ఇవాళ్టిది కాదు. కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 నుంచి నడుస్తోంది. తెల్లవారుజామున తారురోడ్డు మీద ఆర్మీ సెలక్షన్లకి పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు లేని ఊరు సిక్కోలులో తక్కువ. నేవీ డేకి విశాఖ బీచ్‌లో విన్యాసాలంటే ఇక్కడి నుంచి రైలెక్కి వెళ్లేవాళ్లు ఎందరో. పెద్దవాళ్ల మాటల్లో ఇంకా పాత జ్ఞాపకం ఒకటి ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక మీంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఇప్పుడు భోగాపురం ఎయిర్‌పోర్టు పుణ్యమా అని విమానం ఊరి కబుర్లలోకి వచ్చేసింది.

అందుకే 2025 మేలో పహల్గాం దాడి తర్వాత భారత్, పాకిస్తాన్ మధ్య జరిగిన నాలుగు రోజుల పోరు ఇక్కడా చాలామందిని తికమక పెట్టింది. రెండు వైపుల విమానాలూ సరిహద్దు దాటకుండా, ఎవరి ఆకాశంలో వాళ్లు ఉండి, దూరం నుంచే క్షిపణులు వదిలాయని వార్తలు. ఎవరికి ఎంత నష్టం జరిగిందన్న దాని మీద రెండు దేశాలు చెప్పేవి నేటికీ కలవవు. అది వేరే చర్చ. సినిమా చూసి పెరిగిన కంటికి మాత్రం ఒకటే సందేహం. విమానాలు కొట్టుకున్నాయి అంటున్నారు, ఎదురుపడలేదు అంటున్నారు. మరి ఇదేం యుద్ధం?

పది బోగీల దూరం

సినిమాలకి అలవాటైన గగన యుద్ధం 1940 నాటిది. బ్రిటన్ మీదకి జర్మనీ విమానాలు వచ్చినప్పుడు ఎదురెళ్లిన స్పిట్‌ఫైర్‌కి రెక్కల్లో ఎనిమిది మెషిన్ గన్‌లు ఉండేవి. ఒక్కో గన్‌కి 300 తూటాలు. నిమిషానికి వెయ్యికి పైగా కక్కే గన్‌కి అవి ఎంతసేపు వస్తాయి? దాదాపు 15 సెకన్లు. మొత్తం యుద్ధానికి అంతే. రెక్కల్లో ఎడంగా ఉన్న గన్‌ల గురి ముందు ఒకచోట కలిసేలా బిగించేవాళ్లు. మొదట ఆ దూరం ఎక్కువగా పెట్టారు. దాంతో దెబ్బ తగలడం లేదని పైలట్లే దాన్ని 250 గజాలకి తగ్గించుకున్నారు. అంటే సుమారు పది బోగీల రైలంత దూరం. అంత దగ్గరికి వెళ్లి, రెండు మూడు సెకన్లు కాల్చి, పక్కకి తప్పుకోవాలి. సినిమా స్పిట్‌ఫైర్‌కి మాత్రం తూటాలు అయిపోవు. మన జానపద సినిమాల్లో అమ్ములపొది లాంటిదన్నమాట.

పది బోగీల దూరం కెమెరాకి వరం. ఇద్దరూ ఒకే ఫ్రేములో పడతారు. ఎవరు తరుముతున్నారో, ఎవరు పారిపోతున్నారో చూసేవాడికి ఇట్టే తెలుస్తుంది.

జెట్ విమానాలు వచ్చాక ఈ వీలు పోయింది. పైలట్ శరీరం తట్టుకునే ఒత్తిడి మారలేదు, వేగం మారింది. అదే ఒత్తిడితో తిరిగేటప్పుడు వేగం రెట్టింపైతే మలుపు వృత్తం నాలుగు రెట్లు అవుతుంది. గంటకి 900 కిలోమీటర్ల వేగంతో గట్టిగా తిరిగినా ఆ వృత్తం అడ్డుకొలత దాదాపు రెండు కిలోమీటర్లు ఉంటుంది. రెండు కిలోమీటర్ల అవతల యుద్ధ విమానం, చెయ్యి చాచి పట్టుకున్న మినపగింజంత కనిపిస్తుంది. ఇరవై కిలోమీటర్ల అవతలైతే గసగసాల గింజ కూడా దానికంటే పెద్దదే. ఇవాళ్టి క్షిపణులు, మన దేశం తయారు చేసిన అస్త్రతో సహా, అంతకంటే ఎన్నో రెట్లు దూరం వెళ్తాయి. లెక్కకి, విజయనగరం మీద ఎగురుతున్న పైలట్ విశాఖ మీదున్న విమానాన్ని కొట్టగలడు. అతని కంటికి ఆనేది రాడార్ తెర మీది గుర్తు ఒక్కటే.

క్షిపణి వచ్చాక దగ్గరి పోరు అంతమైపోయిందని అమెరికా 1960ల్లోనే అనుకుంది. వియత్నాంకి పంపిన ఫాంటమ్ విమానాల్లో మొదటి రకాలకి అసలు గన్నే పెట్టలేదు. తీరా చూస్తే క్షిపణులు ఎక్కువభాగం గురి తప్పాయి. పైగా, కంటితో చూసి శత్రువేనని తేల్చుకున్నాకే కాల్చాలన్న నిబంధన పైలట్లని దగ్గరికి లాగింది. అక్కడ చేతులు కాలాక అమెరికా నౌకాదళం 1969లో దగ్గరి పోరు నేర్పే బడి ఒకటి మొదలుపెట్టింది. 1986 నాటి ‘టాప్ గన్’ సినిమాకి పేరూ, కథాస్థలమూ ఆ బడే. ప్రపంచంలో ఎక్కువమంది మనసులో ముద్రపడ్డ డాగ్‌ఫైట్ (విమానాల దగ్గరి పోరు), ఆ లెక్కన, ఒక సైన్యం తన పొరపాటు దిద్దుకోవడం లోంచి వచ్చింది.

కొండ కదలదు, స్తంభం పరిగెడుతుంది

దగ్గరికి తేవడంతోనే పని అయిపోదు. శ్రీకాకుళం రోడ్‌లో రైలెక్కి విజయనగరం వైపు వస్తూ కిటికీ లోంచి చూసినవాళ్లకి ఇది చెప్పకుండానే తెలుసు. పట్టాల పక్క కరెంటు స్తంభం రివ్వున వెనక్కి పోతుంది. పొలంలో తాటిచెట్టు మెల్లగా పోతుంది. దూరంగా తూర్పు కనుమలు రైలుతో పాటే వస్తున్నట్టుంటాయి. వేగం అనేది కంటికి పక్కనున్న వస్తువుని బట్టి తెలిసేదే. ఆకాశంలో స్తంభాలూ తాటిచెట్లూ లేవు. మబ్బులేని నీలాకాశంలో గంటకి ఎనిమిది వందల కిలోమీటర్లతో పోయే విమానం, తెర మీద దారానికి కట్టి వేలాడదీసిన బొమ్మలా ఉంటుంది.

ఈ చిక్కుని మొదట పట్టుకున్నవాడు 1927లో ‘వింగ్స్’ తీసిన విలియం వెల్‌మన్. మొదటి ప్రపంచ యుద్ధంలో స్వయంగా ఫైటర్ నడిపినవాడు. టెక్సాస్‌లో యూనిట్ మొత్తాన్ని కూర్చోబెట్టి, మబ్బులు పట్టేదాకా విమానాల షాట్లు తియ్యనన్నాడు. రోజులు గడుస్తున్నాయి, ఖర్చు పెరుగుతోంది, స్టూడియో వాళ్లకి టెన్షన్. ఆయన కదల్లేదు. తెల్లటి మబ్బుల గుట్టలు వచ్చాక తీసిన ఆ దృశ్యాల్లో విమానం మబ్బుని చీల్చుకుని వస్తుంటే వేగం తెలుస్తుంది, ఎత్తు తెలుస్తుంది, పడిపోతున్నది ఎంత లోతుకో తెలుస్తుంది. ఉత్తమ చిత్రంగా మొట్టమొదటి ఆస్కార్ ఆ సినిమాకే వచ్చింది. ఆ వెంటనే ‘హెల్స్ ఏంజెల్స్’ తీసిన హోవర్డ్ హ్యూస్ కూడా మబ్బుల కోసం అలాగే కాచుకున్నాడు. ఆ షూటింగ్‌లో పైలట్ల ప్రాణాలు కూడా పోయాయి. కంప్యూటర్లో మబ్బు గీసుకునే రోజుల్లో ఆ మొండితనం వెర్రిలా అనిపించవచ్చు. కానీ తొంభై ఏళ్లు దాటినా ఆ దృశ్యాలు బొమ్మల్లా లేకపోవడానికి కారణం ఆ మబ్బులే.

మబ్బు దొరకకపోతే రెండో దారి నేల. 2022లో వచ్చిన ‘టాప్ గన్: మావెరిక్’లో దాడి మొత్తం లోయలోంచి, కొండ గోడల మధ్య నుంచి సాగుతుంది. కథలో దానికి చెప్పిన కారణం శత్రువు క్షిపణుల కంట పడకుండా కిందుగా వెళ్లాలని. అది సబబే. కానీ కొండ గోడ తెరకి చేసే ఉపకారం కరెంటు స్తంభం చేసేదే.

మూడో దారి సముద్రం. క్రిస్టఫర్ నోలన్ 2017లో తీసిన ‘డంకర్క్’లో ఆకాశం బూడిదరంగు, సముద్రం బూడిదరంగు. మధ్యలో మూడు స్పిట్‌ఫైర్‌లు. వేగం కంటే ఒంటరితనం ఎక్కువ కనిపిస్తుంది. అక్కడ ఉత్కంఠ తూటాల మీద కాదు, పెట్రోలు మీద ఉంటుంది. గేజ్ పాడైన పైలట్, మిగిలిన ఇంధనం లెక్కని చాక్‌పీసుతో డాష్‌బోర్డు మీద రాసుకుంటాడు. బండి రిజర్వులో పడ్డాక బంకు ఎంత దూరముందో తెలియక నడిపిన ఎవరికైనా ఆ భయం వెంటనే అర్థమవుతుంది. గ్రాఫిక్స్ మీద కోట్లు పోసినా రాని ఉత్కంఠ అది.

బొబ్బిలిలో ఎదురుపోరు, ఆకాశంలో వెనకపోటు

దూరం, వేగం సరిపడినా ఇంకో ఇబ్బంది మిగులుతుంది. ఇది కెమెరాది కాదు, ప్రేక్షకుడి మనసుది. ఈ ప్రాంతంలో యుద్ధం అనగానే గుర్తొచ్చేది బొబ్బిలి. 1757 జనవరిలో కోట చుట్టూ జరిగిన పోరు బుర్రకథగా, నాటకంగా, సినిమాగా తరతరాలు చెవిన పడుతూనే ఉంది. అందులో వీరుడంటే ఎదురొమ్ము చూపినవాడు. తెలుగు సినిమా హీరో కూడా ఆ కోవలోవాడే. విలన్ కళ్లలోకి చూసి, ఒక మాట అని, అప్పుడు కొడతాడు.

ఆకాశంలో పాటించే ధర్మం దీనికి సరిగ్గా తలకిందులు. 1916లో జర్మన్ పైలట్ ఓస్వాల్డ్ బోల్కే తన కుర్రాళ్లకి రాసిచ్చిన ఎనిమిది సూత్రాల్లో ముఖ్యమైనవి ఇవి: సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకో. వెనక నుంచి వెళ్లు. బాగా దగ్గరికి వెళ్లేదాకా కాల్చకు. కోడిపిల్లల మీదకి గద్ద దిగేది ఇలాగే. కూలిన పైలట్లలో చాలామంది తమని కొట్టిన విమానాన్ని చూడనే లేదు. మొదట చూసినవాడిదే గెలుపు. 1965, 1971 యుద్ధాల్లో భారత వైమానిక దళపు చిన్న నాట్ విమానాలు పాకిస్తాన్ సేబర్‌లని అంత ఇబ్బంది పెట్టడానికి ఒక కారణం, తొమ్మిది మీటర్ల పొడవున్న ఆ బుల్లి విమానం అవతలివాడి కంటికి త్వరగా ఆనకపోవడం.

ఇక్కడ చిన్న పక్కమాట. బొబ్బిలి కథలోనూ ముగింపు ఎదురుపోరు కాదు. తాండ్ర పాపారాయుడు విజయరామరాజుని చంపింది రాత్రివేళ, గుడారంలోకి చప్పుడు లేకుండా దూరి. కోట దగ్గరి యుద్ధం మన సినిమా ఫైటు లాంటిదైతే, గుడారంలో జరిగింది గాలిలో యుద్ధం లాంటిది. రెండోదాన్ని కూడా జనం వీరత్వంగానే ఒప్పుకున్నారంటే, వెనక నుంచి కొట్టే పోరాటాన్ని తెలుగు ప్రేక్షకుడు ఎప్పటికీ ఒప్పుకోడని తీర్మానించనక్కర్లేదు. దానికి ముందు కథ సరిగ్గా కట్టి ఉండాలి.

మాస్కు వెనక మొహం

యుద్ధ విమానంలో పైలట్‌కి హెల్మెట్, కళ్ల మీద నల్ల అద్దం, ముక్కూ నోరూ మూసే ఆక్సిజన్ మాస్కు. కోట్లు ఇచ్చి పెట్టుకున్న హీరో మొహం ప్రేక్షకుడికి కనపడే మార్గం లేదు. అందుకే చాలా సినిమాల్లో పోరు మధ్యలో మాస్కు ఊడుతుంది, అద్దం పైకి లేస్తుంది, పైలట్ తీరిగ్గా డైలాగు చెబుతాడు.

నిజంగా జరిగేది వేరు. గట్టి మలుపులో గురుత్వాకర్షణ ఏడు రెట్లైతే 70 కిలోల మనిషి దాదాపు 490 కిలోలు తూగుతాడు. ఆరు ధాన్యం బస్తాల బరువు ఒంటి మీద పడ్డట్టు. రక్తం తలలోంచి కాళ్లలోకి దిగి చూపు మసకబారుతుంది, ఆపకపోతే స్పృహ పోతుంది. దాన్ని ఆపడానికి కాళ్ల, పొట్ట కండరాలు బిగబట్టి, ఊపిరిని చిన్న చిన్న ముక్కలుగా తీస్తారు. ఆ స్థితిలో నోట్లోంచి వచ్చేది మూలుగు, మహా అయితే రెండు పొడిమాటలు. వేడిని వెతుక్కుంటూ పోయే క్షిపణి వదిలాక చెప్పే ‘ఫాక్స్ టూ’ అలాంటి పొడిమాటే. రేడియోలో రెండే మాటల్లో విషయం తేలిపోవాలి.

ఈ మొహం సమస్యకి 1927లోనూ 2022లోనూ దొరికిన జవాబు ఒకటే కావడం ఆశ్చర్యం. ‘వింగ్స్’లో నటుల్ని నిజంగా గాల్లోకి పంపి, కాక్‌పిట్‌లో వాళ్ల వైపు తిప్పి బిగించిన కెమెరాని వాళ్ల చేతే ఆన్ చేయించారు. ‘మావెరిక్’లో ఎఫ్-18 కాక్‌పిట్‌లో ఆరు కెమెరాలు అమర్చి, వెనక సీట్లో కూర్చున్న నటులకే వాటి బాధ్యత అప్పగించారు. ముందు సీట్లో నడిపింది నౌకాదళ పైలట్. సైనికులు కానివాళ్లు ఆ విమానాన్ని నడపడానికి వీల్లేదు. విమానానికి గంటకి 11,374 డాలర్లు కట్టారు. తెర మీద చెంపలు కిందికి సాగడం, కళ్లు లోపలికి పోవడం నటన కాదు, బరువు. కథలో మరింత ఆధునికమైన ఎఫ్-35 బదులు ఎఫ్-18 వాడటానికి జీపీఎస్ జామింగ్ సాకు చెప్పారు. తెర వెనక ఇంకో సంగతి కూడా ఉంది. ఎఫ్-35లో ఒకటే సీటు, నటుణ్ణి కూర్చోబెట్టడానికి చోటే లేదు.

నోలన్ దీనికి వ్యతిరేక దారిలో వెళ్లాడు. టామ్ హార్డీ మొహాన్ని సినిమా దాదాపు పొడుగునా మాస్కు వెనకే ఉంచి కళ్లతోనే నటింపజేశాడు. దిగువ సీట్లలో ఈల పడదు గానీ, మొహం కనపడని పైలట్ మీద బెంగ మాత్రం పుడుతుంది.

అసలు విమానాలు వాడినంత మాత్రాన అన్నీ అసలే అనుకోవద్దు. 1969లో వచ్చిన ‘బాటిల్ ఆఫ్ బ్రిటన్’ ఈ తరహా సినిమాలకి పెద్దబాలశిక్ష లాంటిది. అందులో జర్మన్ మెసర్‌ష్మిట్‌లుగా కనిపించేవి స్పెయిన్‌లో తయారైన విమానాలు. వాటిలో ఉన్నది స్పిట్‌ఫైర్‌లో వాడిన రోల్స్ రాయిస్ మెర్లిన్ కుటుంబపు ఇంజినే. శత్రువు గుండెలోనూ ఇంగ్లండ్ ఇంజినే కొట్టుకుంటోందన్నమాట. అయినా ఆ సినిమా చెదరదు. గాల్లో ఉన్నది నిజమైన బరువున్న వస్తువు కాబట్టి.

మన సినిమాలు ఎక్కడ తేలిపోయాయి

2019 పుల్వామా, బాలాకోట్ ఘటనల స్ఫూర్తితో 2024లో రెండు సినిమాలు వచ్చాయి. జనవరిలో హిందీ ‘ఫైటర్’, మార్చిలో తెలుగు, హిందీ భాషల్లో వరుణ్ తేజ్ నటించిన ‘ఆపరేషన్ వాలెంటైన్’. తెలుగులో నేరుగా వైమానిక దళం కథతో ఇంత పెద్ద ప్రయత్నం అరుదు కాబట్టి రెండోదాని మీద ఆశలు బాగానే పెట్టుకున్నారు. ఫలితం ఆ స్థాయిలో రాలేదు. దేశభక్తి ఎక్కువైందనో తక్కువైందనో వాదించుకున్నారు గానీ, అసలు లోపం అక్కడ ఉన్నట్టు లేదు.

గ్రాఫిక్స్‌లో గీసిన విమానానికి బరువుండదు. దాంతో దర్శకుడు దాన్ని ఆటోలా ఎక్కడ పడితే అక్కడ తిప్పేస్తాడు. నిజమైన విమానం గట్టిగా తిరిగిన ప్రతిసారీ వేగం పోగొట్టుకుంటుంది. పోయిన వేగం వెంటనే తిరిగి రావాలంటే ఎత్తు ఖర్చుపెట్టి కిందికి దూకాలి. సాలూరు దాటాక ఘాట్ ఎక్కే లారీ డ్రైవర్‌కి ఈ లెక్క కొత్త కాదు. ఎక్కేటప్పుడు పోయేదీ, దిగేటప్పుడు వచ్చేదీ ఒకటే నిధి. పోరులో గెలిచేవాడు ఆ నిధిని జాగ్రత్తగా వాడుకునేవాడు. ఈ పొదుపు కనిపించని తెర మీద ఎన్ని చక్కర్లు కొట్టినా వీడియోగేమ్‌లా ఉంటుంది. కెమెరా కూడా అంతే. రెండు విమానాల సందులోంచి ఏ మనిషీ పెట్టలేని చోటికి దూసుకెళ్తే, ఇది ఎవరూ తీసింది కాదని చూసేవాడి కన్ను పసిగట్టేస్తుంది.

2025 జనవరిలో వచ్చిన ‘స్కై ఫోర్స్’ దీనికి తెలివైన దారి వెతికింది. కథని 1965కి తీసుకెళ్లింది. అప్పటి పోరు కంటి చూపు దూరంలోనే జరిగేది. ఆ ఏడాది సెప్టెంబరు 7న పాకిస్తాన్‌లోని సర్గోధా వైమానిక స్థావరం మీద దాడికి వెళ్లిన స్క్వాడ్రన్ లీడర్ ఎ.బి. దేవయ్య తిరిగి రాలేదు. వేగంలో తన మిస్టేర్ విమానానికి అందనంత పైనున్న పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ జెట్‌తో తలపడి దాన్ని కూల్చాడన్న సంగతి ఏళ్ల తర్వాత గానీ బయటపడలేదు. 1988లో మహావీర్ చక్ర ఇచ్చారు. స్టార్‌ఫైటర్ నిలువుగా పోవడంలో రాకెట్, మలుపు తిరగడంలో మొద్దు. పైన చెప్పిన మలుపు వృత్తం లెక్కే ఇక్కడా పనిచేసింది. ఈ ఒక్క సూత్రాన్ని ప్రేక్షకుడికి ముందే అర్థమయ్యేలా చెప్పగలిగితే చివరి పోరు చూసేవాళ్లు ఊపిరి బిగబడతారు. సినిమా దాని మీద ఇంకాస్త నిలిచి ఉంటే బాగుండేది.

ఇకముందు ఎటు

అసలు యుద్ధంలో దూరం పెరిగేకొద్దీ సినిమాలు పాత కాలానికే వెళ్తాయనిపిస్తోంది. 1965, 1971లలో తెరకెక్కించదగ్గ కథలు చాలా ఉన్నాయి. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీద ఆరు సేబర్‌లని ఒంటరిగా ఎదుర్కొని పరమవీర చక్ర పొందిన నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ కథ వాటిలో ముందుంటుంది. వైమానిక దళంలో ఆ పతకం వచ్చింది ఆయనొక్కరికే. లేదా ‘మావెరిక్’ లాగ ఏదో ఒక సాకు చెప్పి ఈ కాలపు విమానాల్ని లోయలోకి దింపుతారు. అంతరిక్షంలో జరిగే ‘స్టార్ వార్స్’ కూడా 1977లో ఈ పనే చేసింది. రెండో ప్రపంచ యుద్ధపు డాగ్‌ఫైట్ రీళ్లని నమూనాగా పెట్టుకుని పోరాటాలు కూర్చింది.

మూడో దారి కూడా ఉంది. దాన్ని తెలుగు సినిమా ఇప్పటికే ఒకసారి నడిచి చూపించింది, అదీ ఈ తీరం కథతోనే. 1971లో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి చుట్టూ అల్లి, సంకల్ప్ రెడ్డి 2017లో తీసిన ‘ఘాజీ’ అది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా అందుకుంది. జలాంతర్గామిలో కిటికీలుండవు. శత్రువు ఉన్నాడని తెలిసేది సోనార్ చప్పుడుతో. ఎంత దూరంలో ఉన్నాడు, ఎటు తిరిగాడు, టార్పెడో వదిలాడా లేదా అన్నవన్నీ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న మనిషి మొహంలోనే చదువుకోవాలి. పాటలు లేవు, ఫైట్లు లేవు. అయినా థియేటర్లో జనం కదలకుండా చూశారు.

రాడార్ తెర ముందు కూర్చున్న పైలట్ పరిస్థితి ఆ సోనార్ మనిషి పరిస్థితే. తెర మీద చుక్క. అది శత్రువుదా, దారి తప్పిన మనదేనా? వదిలిన క్షిపణి చేరడానికి ఇంకా నలభై సెకన్లు. ఈలోపు అవతలివాడు వదిలింది ఇటు వస్తోందా? ఆ నలభై సెకన్లని కోతలు లేకుండా, డైలాగులు లేకుండా, ఊపిరి చప్పుడుతో తీసే దర్శకుడి కోసం ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది.